క్లయింటు "డాక్టరుకి చెప్పొద్దు" అంటే కేస్ మేనేజర్ ఏం చెయ్యాలి?

కొత్తగాచేరా

అందరికీ నమస్తే. కమ్యూనిటీ మెంటల్ హెల్త్ టీమ్‌లో కేస్ మేనేజర్‌గా (మానసిక జబ్బు ఉండి ఆసుపత్రి బయట ఉండేవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి బాగోగులు చూసే పని) చేరి ఇంకా ఏడాది కూడా కాలేదు, అందుకే అడుగుతున్నా, తిట్టకండి. నా క్లయింట్లలో ఒకాయన ఉన్నాడు (గుర్తుపట్టే వివరాలన్నీ మార్చేశా). స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలు లాంటివి ఉండే జబ్బు), ఇదివరకు ఆసుపత్రిలో ఉండి వచ్చాడు, ఒక్కడే ఉంటాడు. మొదట్లో నేను వెళ్తే తలుపు సగమే తీసేవాడు, ఊ, ఆ, సరే, అంతే. ఈ మధ్యే కూర్చోమనడం మొదలుపెట్టాడు, తనంతట తను మాట్లాడుతున్నాడు, నాకు చెప్పలేనంత సంతోషంగా ఉండేది. పోయినసారి వెళ్ళినప్పుడు ఉన్నట్టుండి చెప్పాడు, కొన్ని వారాలుగా మాత్ర సగమే వేసుకుంటున్నాను, డాక్టరుకి చెప్పకు, నీకొక్కడికే చెప్తున్నా అని.

చూడటానికి బాగానే ఉన్నాడండి, అదే నా బాధ. పగలు నిద్ర తగ్గిందంట, మళ్ళీ పేపర్ చదవగలుగుతున్నాడంట. ఇప్పుడు నేను చెప్తే ఇన్నాళ్ళకి తెరుచుకున్న తలుపు మూసుకుంటుంది, చెప్పకపోతే రేపేదైనా అయితే ముందే తెలిసి ఊరుకున్నవాడిని నేను. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. సరే అనలేదు, కుదరదనీ అనలేదు, మళ్ళీ వచ్చినప్పుడు మాట్లాడదాం అని వచ్చేశా. ఆయన దగ్గరికి వెళ్ళేలోపు మా టీమ్ మీటింగ్ ఉంది. పాలసీ చదువుకోమని మాత్రం చెప్పకండి, చదివాను, అందులో ఇలాంటివి ఉండవు.

పాతఫైలు

ముందు ఒక్క ప్రశ్న. ఏ మందు?

ఇది నమ్మకం గురించిన ప్రశ్న అని మీరనుకుంటున్నారు, అంతకంటే ముందు ఇది మందు ప్రశ్న. ఈ జబ్బుకే వాడే క్లోజపిన్ అయితే అసలు ఆలోచించే టైమ్ కూడా లేదు. అది 48 గంటలకు మించి మానేస్తే పాత డోసుకి నేరుగా వెళ్ళకూడదు, మళ్ళీ 12.5 మిల్లీగ్రాముల నుంచి మొదలుపెట్టాలి, లేకపోతే బీపీ పడిపోవచ్చు, ఫిట్స్ రావచ్చు. సగం వేసుకునే మనిషి ఏదో ఒక రోజు భయమేసి పూర్తిగా మానేసి, ఇంకో రోజు పశ్చాత్తాపంతో మొత్తం డోసు మింగుతాడు, అక్కడ ప్రమాదం. లిథియం అయితే అది వేరే కథ, హఠాత్తుగా ఆపితే మేనియా (అదుపు తప్పిన హుషారు) త్వరగా తిరగబడే అవకాశం ఎక్కువ.

రెండోది. డాక్టరుకి తెలియకపోతే ఏమవుతుందో ఆలోచించండి. రేపు లక్షణాలు కొంచెం తిరగబడ్డాయనుకోండి, డాక్టరు ఫైల్లో చూసేది పూర్తి డోసు. ఈ డోసు పనిచెయ్యట్లేదు అనుకుని పెంచుతాడు, లేదా ఇంకో మందు తోడు చేస్తాడు. ఎక్కడైనా అడ్మిట్ అయితే నర్సు ఫైల్లో ఉన్న మొత్తం డోసూ దగ్గరుండి వేయిస్తుంది. అంటే రహస్యం దాచినందుకు ఆ క్లయింటుకే ఎక్కువ మందు పడుతుంది, ఆయన తప్పించుకోవాలనుకున్నది సరిగ్గా దాన్నుంచే.

కొత్తగాచేరా

క్లోజపిన్ కాదండి, లిథియం కూడా కాదు. మామూలుగా రాసే మాత్రల్లో ఒకటి, రోజుకొకసారి రాత్రిపూట. డాక్టర్ అపాయింట్‌మెంట్ ఇంకొన్ని వారాలుంది. మీరు చెప్పిన డోసు పెంచే సంగతి నాకు తట్టనే లేదు, థాంక్స్.

రెండోవైపు

నేను కేస్ మేనేజర్ని కాదు, కేసుని :) చాలా ఏళ్ళుగా.

మా లాంటి వాళ్ళు ఆ మాట డాక్టరుకి కాకుండా కేస్ మేనేజర్‌కే ఎందుకు చెప్తారో ఒకసారి చెప్పనివ్వండి. డాక్టర్ దగ్గర ఉండేది కొన్ని నిమిషాలు, అందులో ఆయన అడిగేది గొంతులు వినిపిస్తున్నాయా, నిద్ర పడుతోందా, మందులు వేసుకుంటున్నావా. మూడో ప్రశ్నకి సరైన జవాబు ఒకటే ఉంటుందని మాకు చాలా త్వరగా అర్థమవుతుంది. కేస్ మేనేజర్ అలా కాదు, ఇంటి అద్దె కాగితాలు నింపిపెట్టిన మనిషి, ఆఫీసు లైన్లో నాతోపాటు నించున్న మనిషి, కాబట్టి నోరు జారుతుంది.

నాకూ ఇదే జరిగింది. అప్పటి నా కేస్ మేనేజర్‌కి చెప్పాను, ఆవిడ అర్థమైందన్నట్టు తలూపింది, తర్వాత అపాయింట్‌మెంట్‌కి వెళ్తే నేను కూర్చోకముందే డాక్టరుకి విషయం తెలుసు. ఎవరూ అరవలేదు, చాలా మర్యాదగా మాట్లాడారు, ఆ మర్యాదే ఎక్కువ మండించింది. ఆ తర్వాత చాలా కాలం అడిగిన ప్రతివాళ్ళకీ అంతా బాగుంది, పూర్తిగా వేసుకుంటున్నా, థాంక్యూ. ఆ టైములో నిజంగా బాలేనప్పుడు కూడా అంతా బాగుందే.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి తమ్ముడూ, నా కోపం ఆవిడ చెప్పినందుకు కాదు, తలూపి నా వెనకాల చెప్పినందుకు. నా ముందే, ఇది నేను దాచలేను, నువ్వు చెప్తావా ఇద్దరం కలిసి చెప్దామా అని ఉంటే ఆ రోజు తిట్టేవాణ్ణి, వారం తర్వాత మళ్ళీ మాట్లాడేవాణ్ణి.

అక్కనినేను

ఇక్కడ అందరూ క్లయింటు, కేస్ మేనేజర్, డాక్టరు అంటున్నారు, ఇంట్లో వాళ్ళనే మాట ఒక్కరి నోటా రాలేదు. మా తమ్ముడు ఇలాగే మెల్లిగా తగ్గించుకున్నాడు, మొదటి రెండు మూడు నెలలు నిజంగానే బాగున్నాడు నవ్వేవాడు కూడా, మేమంతా మందు పని చేస్తోందనుకున్నాం, తర్వాత ఒక్కొక్కటే మొదలైంది, ఫోన్ దాచడం, కిటికీలకి గుడ్డలు కట్టడం, రాత్రంతా నడక, నేను కేస్ మేనేజర్‌కి ఫోన్ చేస్తే క్లయింటు అనుమతి లేకుండా మీతో ఏం మాట్లాడలేనండి అని పెట్టేశారు, నేను అడిగింది వాడి రహస్యాలు కాదు, నేను చూస్తున్నది వినమన్నాను అంతే, చివరికి పోలీసులు వచ్చి తీసుకెళ్ళాల్సి వచ్చింది, ఆ రాత్రి వాడి మొహం నేను మర్చిపోలేను. కాబట్టి నా మాట, చెప్పాల్సిందే, వెంటనే, నమ్మకం తర్వాత కట్టుకోవచ్చు.

రెండోవైపు

అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ మీ తమ్ముడు ఎవరికైనా చెప్పగలిగే పరిస్థితి ఉండుంటే పోలీసుల దాకా వచ్చేదా? మీరు "వెంటనే చెప్పాల్సిందే" అంటే ఆ ఒక్కసారి తెలుస్తుంది. రెండోసారి ఎవరు చెప్తారు?

అక్కనినేను

రెండోసారి దాకా మనిషి బాగుండాలి కదండీ.

పాతఫైలు

ఇద్దరూ ఒక్క నిమిషం. అక్కగారు చెప్పినదాంట్లో చాలామంది కేస్ మేనేజర్లు తప్పుగా పట్టుకునే విషయం ఉంది, అది ఈ గొడవలో కొట్టుకుపోకూడదు. గోప్యత నియమం మనం చెప్పడాన్ని ఆపుతుంది, వినడాన్ని ఆపదు. ఇంట్లోవాళ్ళు ఫోన్ చేస్తే, నా వైపు నుంచి ఏమీ చెప్పలేను, మీరు గమనిస్తున్నది మొత్తం చెప్పండి రాసుకుంటాను అనొచ్చు. క్లయింటుకి కూడా ముందే చెప్పాలి, మీ అక్క ఫోన్ చేస్తే వింటాను, ఏం విన్నానో నీకు చెప్తాను అని. అలా చెప్పకపోతే అది కూడా వెనకాల మాటే అవుతుంది. గోప్యత పేరు చెప్పి ఫోన్ పెట్టేయడం సగం సార్లు నియమం కాదు, టైమ్ లేకపోవడం.

లెక్కలపిచ్చి

బాగున్నాడు కాబట్టి పర్వాలేదేమో అన్న చోట ఆగుదాం. మందు తగ్గించిన వెంటనే ఏమీ కాకపోవడం మామూలే, లక్షణాలు తిరగబడటానికి వారాలు, నెలలు పడుతుంది. ముందు బరువు, మత్తు, కాలు ఒకచోట నిలవనివ్వని ఆ అలజడి, ఇవన్నీ తగ్గుతాయి, మనిషి తేలికపడతాడు. అంటే లాభం ముందు కనిపిస్తుంది, నష్టం ఉంటే తర్వాత వస్తుంది, ఆ మధ్య కాలంలోనే చూశావా మందు అక్కర్లేదు అన్న నమ్మకం గట్టిపడుతుంది. అక్క గారి తమ్ముడి నవ్వు కూడా బహుశా అదే.

1999లో రాబిన్సన్ వాళ్ళ అధ్యయనం ఉంది, మొదటిసారి జబ్బుపడి కోలుకున్నవాళ్ళని చూస్తూ వెళ్తే ఐదేళ్ళలో దాదాపు 82 శాతం మందికి తిరగబడింది, మందు ఆపినవాళ్ళకి ఆ ప్రమాదం దాదాపు 5 రెట్లు. ఇది విని డాక్టరుకి చెప్పాల్సిందే అని ఎగరకండి, రెండో వైపు కూడా ఉంది. 2013లో నెదర్లాండ్స్ నుంచి వుండరింక్ వాళ్ళది వచ్చింది, 103 మందిని 7 ఏళ్ళ తర్వాత చూస్తే, మొదట్లో పద్ధతిగా డోసు తగ్గించిన గుంపులో 40 శాతం మంది పూర్తిగా కోలుకున్నారు, అలాగే కొనసాగించిన గుంపులో 18 శాతంలోపే. ఆహా అనుకునేలోపు 2023లో ఇంగ్లండ్ నుంచి రాడార్ ట్రయల్ వచ్చింది, 253 మంది, రెండేళ్ళు, మెల్లగా తగ్గించినవాళ్ళలో తీవ్రంగా తిరగబడి ఆసుపత్రికి వెళ్ళింది 25 శాతం, కొనసాగించినవాళ్ళలో 13, పైగా రోజువారీ బతుకు మెరుగుపడుతుందన్న ఆశ కూడా ఆ రెండేళ్ళలో నెరవేరలేదు.

తగ్గించాలనుకోవడం పిచ్చి కోరిక కాదు, దాని మీద పెద్ద పెద్ద ట్రయల్స్ జరిగాయి. కానీ ఆ ట్రయల్స్‌లో డాక్టరు చూస్తుండగా కొంచెం కొంచెంగా తగ్గించారు. ఒంటరిగా, ఎవరికీ తెలియకుండా, ఒకేసారి సగానికి తగ్గించడాన్ని సమర్థించే అధ్యయనం నాకైతే కనపడలేదు.

ఎదురుప్రశ్న

అందరూ నమ్మకం నమ్మకం అంటున్నారు. ఇదసలు ఏ రకం సంబంధం? ఒకరికి జీతం వస్తుంది, ఇంకొకరికి రాదు. ఒకరు ఇంకొకరి గురించి ఫైలు రాస్తారు, ఇంకొకరు రాయరు. ఒకరు ఫోన్ ఎత్తితే ఇంకొకరు వార్డులోకి వెళ్తారు. కొన్ని దేశాల్లో క్లయింటుకి వచ్చే భత్యం డబ్బులు కూడా ఏజెన్సీ చేతిలోనే ఉంటాయి, వారానికింతని ఇస్తారు, ఉండే గది కూడా ఆ ప్రోగ్రామ్‌దే. ఇన్ని తాళాలు చేతిలో పెట్టుకుని తలుపు తెరుచుకుందని మురిసిపోవడం ఏంటండీ? ఆ క్లయింటు చెప్పింది స్నేహితుడికి అనుకుని, విన్నది ఉద్యోగి.

పోనీ ఆ పవర్ వల్ల లాభమైనా ఉందా? బయట ఉన్నవాళ్ళని చట్టం ద్వారా మందులకి కట్టేసే ఆర్డర్ల మీద 2013లో ఇంగ్లండ్‌లో ఆక్టెట్ ట్రయల్ చేశారు. ఆర్డర్ కింద ఉన్నవాళ్ళూ, అది లేకుండా ఆసుపత్రి నుంచి తక్కువ గడువు సెలవు మీద బయటికొచ్చినవాళ్ళూ, ఏడాదిలో మళ్ళీ అడ్మిట్ అయింది రెండు గుంపుల్లోనూ 36 శాతమే. కట్టేసి ఏం సాధించినట్టు?

గడపదగ్గర

ఎదురుప్రశ్న గారు అన్నదాంట్లో నిజం ఉంది కానీ రోజూ ఆ పని చేసేవాళ్ళకి అది కొత్త విషయం కాదు. నేను చాలా ఏళ్ళుగా ఇంటింటికీ తిరిగే కేస్ మేనేజర్ని. స్నేహితుడు కాదు, పోలీసు కాదు, థెరపిస్టు కూడా కాదు, మరేంటి అంటే ఒక్క ముక్కలో చెప్పలేను. ఆఫీసు గదిలో ఎదురెదురుగా కూర్చుంటే ఎవరూ ఏం చెప్పరు, కారులో పక్కపక్కన కూర్చుని రోడ్డు చూస్తున్నప్పుడు చెప్తారు, బట్టలు ఉతికే చోట మెషీన్ తిరుగుతున్నప్పుడు చెప్తారు, ఏదో ఫారం నింపుతూ పుట్టిన తేదీ అడిగినప్పుడు అమ్మ గురించి చెప్తారు. మొహం మొహం చూసుకోనక్కర్లేని చోట మాట తేలిగ్గా వస్తుంది. ఇది కొత్తవాళ్ళకి ఎవరూ ట్రైనింగ్‌లో చెప్పరు.

ఫోన్ నంబర్ సంగతి కూడా చెప్తా, అడగకపోయినా. సొంత నంబర్ ఇవ్వకండి. మనసు గట్టిగా పెట్టుకోమని కాదు నా ఉద్దేశం, మీరు సెలవులో ఉన్నప్పుడు రాత్రి రెండింటికి ఆ ఫోన్ మోగి ఎవరూ ఎత్తకపోతే, నంబర్ లేనివాడి కంటే నంబర్ ఉండి జవాబు రానివాడు ఎక్కువ కుంగిపోతాడు. టీమ్ నంబర్ ఇవ్వండి, ఎప్పుడు ఎవరు ఎత్తుతారో చెప్పండి. డబ్బు అప్పు ఇవ్వకండి, ఎంత చిన్న మొత్తమైనా, ఎందుకంటే తిరిగివ్వలేనప్పుడు ఆయన మీకు తలుపు తియ్యడం మానేస్తాడు, అప్పు పోతే పోయింది, మనిషి పోతాడు. చిన్న బహుమతి ఇస్తే? దీని మీద మా ఆఫీసులో పెద్ద యుద్ధమే జరిగింది, నేనైతే తను చేత్తో చేసింది తీసుకుంటా, కొన్నది తీసుకోను, ఏదైనా సూపర్‌వైజర్‌కి చెప్తా. సోషల్ మీడియాలో ఫ్రెండ్ రిక్వెస్ట్ వద్దు, వాళ్ళ ప్రొఫైల్ దొంగచాటుగా చూడటం అంతకంటే వద్దు.

సరే అసలు విషయానికి. కొత్తగాచేరా, మీరు వెళ్ళినప్పుడు మొదటి మాట డాక్టరు గురించి ఎత్తకండి. సగం వేసుకున్నాక ఏం బాగైంది అని అడగండి, నిజంగా తెలుసుకోవాలని అడగండి. పేపర్ చదవగలుగుతున్నానన్నాడు కదా, అది చిన్న విషయం కాదు, ఆయన అడుగుతున్నదే అది. డాక్టరుకి తీసుకెళ్ళాల్సిన మాట "మానేశాడు" కాదు, "పగలు చదువుకోవాలని ఉంది, ఈ డోసుతో కుదరట్లేదు". మొదటిది కంప్లైంట్ లాగా ఉంటుంది, రెండోది ఆయన సొంత కోరిక, దాన్ని ఆయనే చెప్పుకోగలడు, పక్కన మీరుంటే.

పాతఫైలు

గడపదగ్గర గారు చెప్పినదానికి వెనకాల పాత సిద్ధాంతం ఒకటుంది, ఇష్టమున్నవాళ్ళు చదవండి, లేనివాళ్ళు దాటేయండి. 1979లో బోర్డిన్ అనే సైకాలజిస్టు, సాయం చేసేవాడికీ తీసుకునేవాడికీ మధ్య పొత్తు మూడింటి మీద నిలబడుతుందన్నాడు: ఇద్దరూ ఒప్పుకున్న లక్ష్యం, ఇద్దరూ ఒప్పుకున్న పని, వాటి మధ్య బంధం. మనవాళ్ళు మూడోదాన్ని పట్టుకుని మొదటి రెండూ వదిలేస్తారు. ఈ క్లయింటుతో బంధం ఏర్పడింది. లక్ష్యం? టీమ్ లక్ష్యం మళ్ళీ అడ్మిట్ కాకపోవడం, ఆయన లక్ష్యం పేపర్ చదవడం. ఈ రెండూ ఒక చోట కూర్చుని ఎప్పుడూ మాట్లాడుకోలేదు, అందుకే రహస్యం పుట్టింది.

ఎదురుప్రశ్న గారికి: పవర్ ఉంది, ఒప్పుకుంటున్నా. దాన్ని లేనట్టు నటించడమే సమస్య. ఇంకొకటి, ఈ పని మొదలైన చోటు చూడండి. 1970ల మొదట్లో అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో మెండోటా ఆసుపత్రి నుంచి స్టైన్, టెస్ట్, మార్క్స్ అనే ముగ్గురు వార్డు సిబ్బందినే బయటికి తెచ్చి ఇళ్ళ దగ్గర పని చేయించారు. 14 నెలలు బ్రహ్మాండంగా నడిచింది, ఆసుపత్రి రోజులు బాగా తగ్గాయి. తర్వాత మామూలు సేవలకి అప్పగించేసరికి ఆ మెరుగంతా కరగడం మొదలైంది, 1980లో వాళ్ళే రాశారు. అందుకే ఆ తరహా టీముల్లో సేవకి గడువు పెట్టకూడదన్నారు, ఒక స్టాఫ్‌కి సుమారు 10 మంది క్లయింట్లకు మించొద్దన్నారు.

మూడోమనిషి

ఒక్కొక్కరికి పది మందా?! మా దగ్గర నాకు యాభై దాటారు. నమ్మకం సంగతి దేవుడెరుగు, పేర్లు గుర్తుంటే గొప్ప.

లెక్కలపిచ్చి

జాలేస్తోంది కానీ, సంఖ్య ఒక్కటే తగ్గిస్తే చాలదు. ఇంగ్లండ్‌లో 1999లో యూకే700 ట్రయల్, 708 మంది, ఒక గుంపులో ఒక్కో వర్కర్‌కి 10 నుంచి 15 మంది, ఇంకో గుంపులో 30 నుంచి 35. రెండేళ్ళ తర్వాత ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో తేడా లేదు. మిగిలిన టైములో ఏం చేస్తున్నారన్నదే అసలు విషయం. యాభై మాత్రం ఏ లెక్కలోనూ పని కాదు లెండి.

మాత్రలడాక్టర్

సైకియాట్రిస్టుని. కొన్ని నిమిషాల డాక్టర్ మీద వచ్చిన మాట నిజమే, వాదించను.

నావైపు నుంచి: సగం డోసు అని తెలిసిన సగం డోసుతో నేను పని చెయ్యగలను. ఎక్కువసార్లు నేను చేసేది పాత డోసుకి లాక్కెళ్ళడం కాదు. ఎందుకు తగ్గించారో అడుగుతాను, మత్తు అయితే వేసుకునే టైమ్ మార్చొచ్చు, మందే మార్చొచ్చు, తగ్గించాలనే ఉంటే ఇంకా చిన్న మెట్లలో తగ్గించొచ్చు. దాంతోపాటు ఆయనకి ఇదివరకు తిరగబడినప్పుడు మొట్టమొదట ఏం మారిందో రాయించుకుంటాను. అవి ఒక్కొక్కరికీ వేరు, ఒకరికి నిద్ర, ఒకరికి స్నానం మానేయడం, ఒకరికి టీవీలో తన గురించి చెప్తున్నారనిపించడం. అవి కనపడితే ఏం చేద్దామో ఆయన బాగున్నప్పుడే ఆయనతోనే ఒప్పందం. ఇవన్నీ నాకు తెలిస్తేనే.

ఆయన బలవంతపు చికిత్స ఆర్డర్ మీద ఉన్నాడా అన్నది చూసుకోండి, అది ఉంటే పరిస్థితి మారుతుంది, మీ చోట చట్టం ఏమంటుందో సూపర్‌వైజర్‌ని అడగండి. ఇంకెవరికైనా హాని చేస్తానని మాట వస్తే అది పూర్తిగా వేరే విషయం. 1976లో కాలిఫోర్నియా సుప్రీం కోర్టు టారసాఫ్ కేసులో ఆ ప్రమాదంలో ఉన్న మనిషిని కాపాడే బాధ్యత చికిత్స చేసేవాడి మీద ఉందని చెప్పింది, ఆ తర్వాత చాలా చోట్ల చట్టాలు దాన్ని ఏదో ఒక రూపంలో తీసుకున్నాయి. సగం మాత్ర ఆ కోవలోకి రాదు.

కొత్తగాచేరా

ఆర్డర్ ఏమీ లేదండి, హాని మాటలు అసలే లేవు. చాలా క్లియర్ అయింది అందరి వల్లా. ఒక్కటే మిగిలింది, టీమ్ మీటింగ్ ముందొస్తుంది, ఆయన దగ్గరికి వెళ్ళేది తర్వాత. మీటింగ్‌లో ఆయన పేరు వస్తుంది, డాక్టర్ కూడా అక్కడే ఉంటాడు. అప్పుడు "అంతా ఓకే" అంటే అబద్ధం కదా?

గడపదగ్గర

మీటింగ్ దాకా ఆగకండి, ఇవాళే సూపర్‌వైజర్‌కి ఒక్కరికే చెప్పండి. క్లయింటుతో మాట్లాడాక టీమ్‌కి పెడతాను, ఈలోపు జబ్బు తిరగబడే సంకేతాలు కనిపిస్తే ఆగను అని. మీటింగ్‌లో అడిగితే "ఒక విషయం ఉంది, ఆయనతో మాట్లాడి వచ్చే వారం తెస్తాను" అనండి. అది అబద్ధం కాదు. ఇంకా మంచిది, విజిట్ ముందుకి జరపండి, ఫోన్ చేసి రేపు రానా అని అడగండి.

ఎదురుప్రశ్న

సూపర్‌వైజర్‌కి చెప్పడం మాత్రం వెనకాల చెప్పడం కాదా?

గడపదగ్గర

అవును, వెనకాలే. అందుకే వెళ్ళగానే అది కూడా ఆయనకి చెప్పాలి. ఒక్కడే మోసే రహస్యం కేస్ మేనేజర్‌ని కూడా వంకర చేస్తుందండి, నాకు మాత్రమే తెలుసు, ఆయన నాకొక్కడికే అర్థమయ్యాడు అన్న గర్వం మెల్లగా ఎక్కుతుంది. అది ఎక్కాక మిగతా టీమ్ శత్రువుల్లా కనిపిస్తారు, చాలామందిని చూశాను.

రెండోవైపు

దీనికి నా ఓటు. నీకొక్కడికే చెప్తున్నా అని మేమనేటప్పుడు అది సగం నమ్మకం, సగం పరీక్ష. పరీక్షలో పాసవడానికి రహస్యం దాచనక్కర్లేదు, మాట మార్చకుండా ఉంటే చాలు.

కిటికీపిల్ల

ఈ థ్రెడ్ మొత్తం చదివాను, నేనూ క్లయింటునే. మీరంతా నమ్మకం ఎలా కట్టాలో మాట్లాడుతున్నారు, నా సమస్య వేరే. కట్టుకున్న ప్రతిసారీ కేస్ మేనేజర్ మారిపోతుంది. ఈ మధ్య వచ్చినావిడ మొదటి రోజు "మీ గురించి చెప్పండి" అంది. ఫైలుంది కదా అన్నాను. చదివాను, మీ నోట వినాలనుంది అంది. ఎన్నిసార్లు చెప్పాలి, నా జబ్బు కథ నాకే బోరు కొడుతోంది. పాత ఆవిడ వెళ్తున్నానని ఆఖరి విజిట్‌లో చెప్పింది, అదీ వెళ్ళేటప్పుడు గుమ్మంలో నించుని.

పాతఫైలు

గుమ్మంలో చెప్పడం చాలా మామూలైపోయింది, వెళ్ళేవాళ్ళకి కూడా అపరాధ భావం ఉంటుంది, చివరి నిమిషం దాకా తోస్తారు. ముగింపుని కూడా పనిలో భాగంగా చూసిన పద్ధతి ఒకటుంది, న్యూయార్క్‌లో ఇల్లు లేని మగవాళ్ళ షెల్టర్ నుంచి ఇళ్ళకి వెళ్ళేవాళ్ళతో సస్సర్ వాళ్ళు చేసింది, 1997లో అచ్చయింది. మొత్తం 9 నెలలు, మూడు దశలు, మొదటి రోజే ఇది ఎప్పుడు అయిపోతుందో చెప్తారు, మధ్య దశలో వర్కర్ కావాలనే వెనక్కి జరిగి మిగతా మనుషుల్ని ముందుకి తెస్తాడు, చివరిది అప్పగింత. 18 నెలల్లో ఆ గుంపు వీధిలోనో షెల్టర్‌లోనో గడిపిన రాత్రులు సగటున 30, మామూలు సేవలు పొందినవాళ్ళవి 91. గడువు వద్దన్న మాడిసన్ వాళ్ళూ సరే, గడువు ముందే చెప్పిన వీళ్ళూ సరే, ఇద్దరూ చెయ్యనిది గుమ్మంలో చెప్పడం.

కొత్తావిడతో మీరు అడగొచ్చు, పాతావిడ ఉండగా ఒక్కసారైనా ముగ్గురం కూర్చునే ఏర్పాటు ఎందుకు లేదు, ఈసారైనా అలా చెయ్యండి అని. అడిగే హక్కు మీకుంది.

కొత్తగాచేరా

అప్‌డేట్. విజిట్ ముందుకి జరిపి వెళ్ళొచ్చాను. ముందు పేపర్ గురించే మాట్లాడాం, చాలాసేపు. తర్వాత చెప్పాను, నేను ఇది దాచలేను, సూపర్‌వైజర్‌కి చెప్పాను, డాక్టరుకి నువ్వు చెప్తే బాగుంటుంది, కావాలంటే పక్కన కూర్చుంటాను, అపాయింట్‌మెంట్ లోపు చెప్పకపోతే నేను చెప్పాల్సి వస్తుంది అని. కోపం వచ్చింది. అరవలేదు, లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు, ఇక వెళ్ళు అన్నాడు. సాయంత్రం టీమ్ నంబర్‌కి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ ముందుకి జరపమన్నాడంట, నాతో మాత్రం మాట్లాడలేదు. నేను రావాలో వద్దో కూడా చెప్పలేదు. వేరే కేస్ మేనేజర్‌ని అడుగుతాడేమో తెలియదు.

రెండోవైపు

అడగనీ. ఆ హక్కు ఉందని మీరే చెప్పండి. చెప్తే అడగడేమో, అడిగితే అడిగాడు.

అక్కనినేను

ఫోన్ చేశాడు కదా బాబూ, అది చాలా పెద్ద విషయం. మా వాడు ఇన్నేళ్ళలో ఒక్కసారి తనంతట తను ఫోన్ చెయ్యలేదు.

మూడోమనిషి

కొత్త కేసు ఒకటి రేపు ఓపెన్ చేస్తున్నా. ఇలాంటిది రాకముందే మొదటి విజిట్‌లో చెప్పేయాలంటే ఎలా చెప్తారు? నేను చెప్తే పోలీసు హెచ్చరికలా ఉంటుంది.

గడపదగ్గర

నేను చెప్పేది దాదాపు ఇలా ఉంటుంది, మీ నోటికి తగ్గట్టు మార్చుకోండి: "మీరు చెప్పేవాటిలో చాలామటుకు మన టీమ్ దాటి పోవు. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ప్రమాదం అనిపిస్తే చెప్తాను. మందు మార్చినా ఆపినా డాక్టరుకి తెలియాలి, కానీ మీకు చెప్పకుండా చెప్పను, మీరే చెప్పడానికి టైమ్ ఇస్తాను. నేను మీ గురించి ఏం రాస్తున్నానో ఎప్పుడైనా అడగండి, చూపిస్తాను." అంతే, రెండు నిమిషాలు. మొదటి రోజు ఎవరికీ గుర్తుండదు, కాబట్టి నెల తర్వాత మళ్ళీ చెప్పండి, బయట ఎక్కడికైనా వెళ్ళేటప్పుడు. చూపిస్తానన్నాక నిజంగా చూపించాలి, అందుకని నేను నోట్స్ వాళ్ళ ఎదురుగానే రాస్తా. వాళ్ళు తప్పంటే "ఆయన దీనితో ఒప్పుకోవట్లేదు" అని అది కూడా రాస్తా.

మూడోమనిషి

యాభై మందికి ఎదురుగా కూర్చుని రాయాలంటే ఎప్పటికవుతుంది సార్.

గడపదగ్గర

ఆఫీసుకెళ్ళి రాసే టైమ్ మిగుల్తుంది కదా, నాకైతే సరిపోతోంది. రేపటి కొత్త కేసుతో మొదలుపెట్టి చూడండి.